‘ఊద్ ఫర్ గ్లోరీ’: తక్కువ ధర సీసాలో ఊద్ గుణం ఎంత?

గంధవహ (చర్చను ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఎమిరేట్స్‌కు చెందిన లతాఫా సంస్థ ‘బదీ అల్ ఊద్’ వరుసలో తెచ్చిన ‘ఊద్ ఫర్ గ్లోరీ’ పరిమళం ప్రస్తావన ఇక్కడ అప్పుడప్పుడు వస్తూనే ఉన్నా, దాని గుణగణాలను తీరిగ్గా ఒకచోట చర్చించినట్లు నాకు కనిపించలేదు. చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి నా పరిశీలనలు ముందుంచుతున్నాను. విభేదించేవారు మొహమాటపడకుండా విభేదించగలరు.

పేరులో ఊద్ (బంక పట్టిన అగరు చెక్క) ఉన్నా, చల్లుకోగానే ముక్కుకు తగిలేది ఊద్ కాదు, కుంకుమపువ్వు. అది కూడా తియ్యగా, మెత్తగా ఉండే కుంకుమపువ్వు కాదు. ఎండిపోయి, కాస్త తోలు వాసనను తలపించే రకం. దాని వెంటనే జాజికాయ ఘాటు వస్తుంది, ఆ రెండింటి వేడినీ కొంత తగ్గిస్తూ లావెండర్ వస్తుంది. మొదటి పావుగంట పాత మందులపెట్టె తెరిచినట్లు ఉంటుంది. చాలామంది ఇక్కడే ముఖం చిట్లించి సీసాను పక్కన పెట్టేస్తారు. కానీ దీని అసలు స్వభావం బయటపడేది ఆ తర్వాతే. లావెండర్ తప్పుకున్నాక పచ్చౌలి ఆకు నూనె మట్టివాసన పైకి వస్తుంది, దానితో కలిసిపోయి ముదురు చెక్క వాసన ఒకటి నిలబడుతుంది. ఆ చెక్కలో పొగ లేదు, పశువుల కొట్టం వాసన లేదు, తేమ కూడా లేదు. సాయంత్రానికి చర్మాన్ని అంటిపెట్టుకుని పొడి కస్తూరి మాత్రం మిగులుతుంది.

నా ప్రశ్నలు రెండు. దీన్ని ఊద్ పరిమళం అనవచ్చా? అనకూడదు అనుకుంటే, ఇంతమందిని ఆకట్టుకుంటున్నది ఏమిటి?

అగరుచేవ

గంధవహ గారు వాసనను వర్ణించిన తీరు బాగుంది కానీ, మొదటి ప్రశ్నకు నా జవాబు మాత్రం ‘అనకూడదు’ అనే.

అసలు ఊద్ ఎలా పుడుతుందో గుర్తు చేసుకుంటే కారణం తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టు కలప పాలిపోయి, తేలిగ్గా, దాదాపు ఏ వాసనా లేకుండా ఉంటుంది. మానుకు గాయమై, పురుగు తొలిచి, శిలీంధ్రం లోపలికి చేరినప్పుడు చెట్టు తనను తాను కాపాడుకోవడానికి ఆ భాగంలో నల్లని బంకను నింపుకుంటుంది. ఏళ్ల తరబడి అలా బంక పట్టిన చెక్కే ఊద్. మంచి ముక్క ఎంత బరువుగా ఉంటుందంటే నీటిలో వేస్తే మునిగిపోతుంది. వర్తకులు మునిగే రకాన్ని ప్రత్యేకంగా వేరుచేసి అమ్ముకునేది అందుకే. ఇక నూనె తీయడానికి ఆ చెక్కను ముక్కలు చేసి, పొడిగా దంచి, రోజుల తరబడి నీటిలో నానబెట్టి, ఆపైన బట్టీ పెడతారు (మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి నూనె పడతారు). అలా నానడంలో పులిసిపోవడం వల్లనే అస్సాం నూనెకు పశువుల కొట్టం, పాతబడిన తోలు, పుల్లని జున్ను కలిసినట్టుండే పదును వస్తుంది. కంబోడియా పద్ధతి నూనెలు అంత మొరటుగా ఉండవు. పండు తీపి, ఒకింత తేనె జాడ ఉంటాయి.

ఈ సీసాలో ఆ పులుపూ లేదు, ఆ పండూ లేదు. ఉన్నది శుభ్రంగా ఇస్త్రీ చేసిన చెక్క వాసన. అది బాగుండదని నేను అనడం లేదు. దాన్ని ఊద్ అని పిలవడం దగ్గరే నా అభ్యంతరం.

రసాయని

అగరుచేవ గారు చెక్క గురించి చెప్పినదంతా సరైనదే. సీసా లోపల ఏముంటుందో నేను చెప్పే ప్రయత్నం చేస్తాను. ఏ సంస్థా తన పాళ్లను బయటపెట్టదు కనుక నేను చెప్పబోయేది ఈ తరహా పరిమళాలను సాధారణంగా ఎలా కడతారన్న దాని గురించే తప్ప, ఫలానా సీసా గుట్టు కాదు.

ఊద్ వాసన ఒక్క అణువు వల్ల వచ్చేది కాదు. సెస్క్విటర్పీన్లు అనే వర్గం, క్రోమోన్లు అనే మరో వర్గం, వాటికి తోడు అతి కొద్ది పాళ్లలో ఉండే పదార్థాలు అనేకం కలిసి ఆ వాసనను ఇస్తాయి. దీన్ని ప్రయోగశాలలో అణువు అణువుగా తయారుచేయాలంటే అసలు నూనె కంటే ఖర్చయ్యే ప్రమాదం ఉంది. అందుకని పరిమళకర్తలు మరో దారి పట్టారు: ఊద్‌ను పోలిన ముద్ర కలిగించే పదార్థాలను పక్కపక్కన చేర్చడం. ఇందులో పెద్దన్న పాత్ర తుంగముస్తల జాతి దుంపల నుంచి తీసే నూనెది. సిప్రియోల్ అన్న పేరుతో వర్తకంలో ఉన్న ఈ నూనెలో పొగ, మట్టి, ఎండు చెక్క మూడూ ఉంటాయి, ధర మాత్రం ఊద్ దరిదాపులకైనా రాదు. దీనికి పచ్చౌలి బరువునిస్తుంది, వట్టివేరు పొడితనాన్నిస్తుంది, లాబ్డనం అనే పొద బంక తీపినిస్తుంది. పశువాసన కావాలనుకుంటే కాస్టోరియం (బీవర్ అనే జంతువు గ్రంథుల స్రావం) తరహా సమ్మేళనం చిటికెడు. వద్దనుకుంటే దాన్ని వదిలేయడమే. గంధవహ గారికి కొట్టం వాసన తగలకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఈ శైలిలో దాన్ని కావాలనే పక్కన పెడతారు.

పైన వచ్చే కుంకుమపువ్వు కూడా దాదాపు ఎప్పుడూ సంశ్లేషిత పదార్థమే. సఫ్రలీన్ వంటివి తోలు ఛాయతో కూడిన కుంకుమపువ్వు వాసననిస్తాయి. కాబట్టి తోలు కనిపెట్టిన గంధవహ గారి ముక్కు సరిగ్గానే పనిచేస్తోంది!

ఇక చివరి వరుసలో ఉండేవి ‘వుడీ యాంబర్’ అని పిలిచే బలమైన అణువులు. గంటల తరబడి నిలవడం, గదిలోకి వ్యాపించడం వీటి చలవే. తక్కువ ధర పరిమళాల బలమూ ఇదే, బలహీనతా ఇదే. పాళ్లు కుదిరితే చెక్కకు వెన్నెముకలా పనిచేస్తాయి. కుదరకపోతే ముక్కులో సూదులు గుచ్చినట్లు గరుకుగా మిగిలిపోతాయి.

కొత్తసభ్యుడు

పెద్దలకు నమస్కారం. నేను ఈ పరిమళాన్ని ఇటీవలే కొన్నాను. చల్లుకున్న గంటకే నాకు ఏ వాసనా తెలియడం లేదు, కానీ పక్కన కూర్చునే సహోద్యోగి మధ్యాహ్నం కూడా వాసన వస్తోందని అంటున్నారు. మర్యాద కోసం అంటున్నారా, నిజంగానే వస్తోందా?

రసాయని

నిజంగానే వస్తోంది. ఒకే వాసన ఎడతెగకుండా అందుతున్నప్పుడు ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఛాతీ మీద, మెడ కింద చల్లుకున్నప్పుడు మీరు పీల్చే ప్రతి గాలిలోనూ అదే ఉంటుంది కాబట్టి మీకు త్వరగా అలవాటవుతుంది, ఎదుటివారికి కాదు. రెండో కారణం కూడా ఉంది: కస్తూరి వర్గపు అణువులు, వుడీ యాంబర్ అణువులు కొందరికి పుట్టుకతోనే సరిగా తెలియవు. ఒకరికి గుప్పుమనేది మరొకరికి శూన్యంగా ఉంటుంది. ఈ రకం పరిమళాలపై అభిప్రాయాలు ఇంత విపరీతంగా చీలిపోవడానికి ఇదొక ముఖ్య కారణమని నా నమ్మకం. మీకు తెలియడం లేదని మళ్లీ మళ్లీ చల్లుకుంటే మాత్రం మీ సహోద్యోగి మర్యాద ఎక్కువ రోజులు నిలవదు.

నీలిమేఘ

దీన్ని మగవారి పరిమళమని చాలాచోట్ల వర్గీకరిస్తున్నారు. ఎందుకో నాకు అర్థం కాదు. కుంకుమపువ్వు, పచ్చౌలి, కస్తూరి — ఈ మూడింటిలో ఏది మగది?

నేను దీన్ని చర్మం మీద దాదాపు చల్లుకోను, నూలు చున్నీ మీద చల్లుకుంటాను. చర్మం మీద వేడి వల్ల లావెండర్, జాజికాయ ఒక్కసారిగా ఎగసి త్వరగా ఖర్చయిపోతాయి. బట్ట మీద అవి నెమ్మదిగా విప్పుకుంటాయి, ఆ మందుల వాసన ఘట్టం చాలా మెత్తబడుతుంది. మర్నాడు ఆ చున్నీని మడత విప్పినప్పుడు వచ్చే వాసనే నాకు ఈ సీసాలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. పచ్చౌలిలోని మట్టి తడి పూర్తిగా ఇంకిపోయి, దాని అడుగున ఉన్న కోకో వంటి చేదు ఒక్కటే మిగిలి ఉంటుంది, ఆ చేదును కస్తూరి పల్చగా కప్పి ఉంచుతుంది. చర్మం మీద ఈ దశ నాకు ఎప్పుడూ దొరకలేదు. పట్టుబట్టల మీద, తెల్లని వాటి మీద మాత్రం ఏ పరిమళాన్నీ నేరుగా చల్లకండి, మరక పడుతుంది.

ఆకర్షణ ఎక్కడుంది అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఈ ధరలో దొరికే పరిమళాలు ఎక్కువగా తీపి మీద బతుకుతాయి. వనిల్లా, పంచదార పాకం, పండ్ల రసం. ఇది తీపిని వెనక్కి నెట్టి చేదును, పొడితనాన్ని ముందుకు తెచ్చింది. తక్కువ ధరలో చేదును అమ్మడానికి కొంత ధైర్యం కావాలి.

పాతసీసా

చర్చలో చరిత్ర కూడా ఉండాలి కనుక కొంత చేరుస్తాను. ఈ పరిమళం పారిస్‌కు చెందిన ఇనిషియో సంస్థ 2018లో తెచ్చిన ‘ఊద్ ఫర్ గ్రేట్‌నెస్’ బాటలో నడుస్తుందన్నది బహిరంగ రహస్యం. పేరు పెట్టడంలోనే అది తెలిసిపోతుంది. కుంకుమపువ్వు, జాజికాయ, లావెండర్, ఊద్, పచ్చౌలి, కస్తూరి అన్న వరుస రెండింటికీ ఉమ్మడిదే.

అయితే ఆ పారిస్ సీసా కూడా శూన్యం నుంచి ఊడిపడలేదు. పాశ్చాత్య పరిమళాల్లో ఊద్‌కు తలుపు తీసినది 2002లో వచ్చిన ఈవ్ సాఁ లోరాఁ వారి ‘ఎం7’. ఆల్బెర్తో మొరియాస్, జాక్ కవాలియే కలిసి కూర్చిన ఆ పరిమళం అప్పట్లో జనానికి ఎక్కలేదు. ఆ సంస్థ సృజన బాధ్యతలు అప్పుడు చూస్తున్న టామ్ ఫోర్డ్ 2007లో తన సొంత పేరుతో ‘ఊద్ వుడ్’ తెచ్చినప్పుడు పరిస్థితి మారింది. ఏలకులు, గంధపు చెక్క, వనిల్లాల మధ్య ఊద్‌ను నునుపు చేసి చూపడంతో పశువాసనకు భయపడేవారికి కూడా అది నచ్చింది. ఆ తర్వాత ఊద్ అన్న మాట లేని సంస్థను వెతకడం కష్టమైంది.

గమనించండి: అరబ్బుల ఊద్‌ను ఫ్రెంచివారు తమ అభిరుచికి తగ్గట్టు శుభ్రం చేసుకున్నారు, ఆ శుభ్రమైన ఊద్‌ను ఎమిరేట్స్ సంస్థ ఒకటి తిరిగి తన భాషలో, అందరికీ అందే ధరలో అమ్ముతోంది. అగరుచేవ గారు వెతుకుతున్న అస్సాం నూనె ఈ ప్రయాణంలో మొదటి మజిలీలోనే దిగిపోయింది. కాబట్టి దీన్ని ఆ నూనెతో కాకుండా ‘ఊద్ వుడ్’ నుంచి వచ్చిన వంశంతో పోల్చి తూచాలి. ఆ తూకంలో ఇది చాలా బాగా నిలబడుతుంది.

అగరుచేవ

వంశవృక్షం బాగుంది, పాతసీసా గారూ. కానీ వంశం మారినప్పుడు ఇంటిపేరు కూడా మార్చుకోవాలి కదా? పెట్టె మీద ‘ఊద్’ అని ముద్రించి, లోపల తుంగముస్తలు పెడితే, మొదటిసారి కొనేవాడికి ఊద్ అంటే ఇదేనన్న అభిప్రాయం స్థిరపడిపోతుంది. ఇంకో సంస్థ సీసా మీద ‘స్వచ్ఛమైన ఊద్’ అని చూసి కొన్న నాకు లోపల దొరికినది గులాబీ సబ్బు వాసన. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు, అలాంటివి చాలా ఉన్నాయి.

రసాయని

ఖరీదైన సుగంధద్రవ్యానికి బదులు వేరే పదార్థాలతో అదే ముద్ర కలిగించడం ఈ కాలపు మోసమేమీ కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ కిందీ సుగంధాల తయారీపై రాసినదానిలో ఖరీదైన ద్రవ్యాలకు ప్రత్యామ్నాయాలు తయారుచేసే పద్ధతులు కూడా ఉన్నాయి. గులాబీ పరిమళాల్లో ఎన్నింటిలో గులాబీ పూల నూనె ఉంటుంది? లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పువ్వు నుంచి పరిమళకర్తలకు పనికొచ్చే నూనె రానే రాదు, అయినా ఆ పేరుతో పరిమళాలు నూరేళ్లుగా ఉన్నాయి. పరిమళాల పేర్లు ముద్రను చెబుతాయి, సరుకును కాదు. ‘స్వచ్ఛమైన’ అని రాయడం మాత్రం వేరే సంగతి. అక్కడ మీ ఫిర్యాదుతో పూర్తిగా ఏకీభవిస్తాను.

వనమాలి

ఇంతవరకు ఎవరూ చెట్టు పక్షాన మాట్లాడలేదు కాబట్టి రెండు మాటలు. అక్విలేరియా మలాక్సెన్సిస్ అనే అగరు జాతిని 1995లోనే అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వర్తక నియంత్రణ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. 2004లో జరిగిన సమావేశంలో ఊద్ ఇచ్చే అక్విలేరియా, గైరినోప్స్ ప్రజాతులు రెండింటినీ మొత్తంగా ఆ పరిధిలోకి తెచ్చారు. కారణం సూటిగానే ఉంది: బంక ఏ చెట్టులో ఉందో బయటి నుంచి చూసి తేల్చడం కష్టం కనుక, ఒక చెట్టు కోసం వెతుకుతూ ఏమీ లేని చెట్లను కూడా నరికేశారు. అందరికీ అసలు నూనెతోనే ఊద్ అందించాలంటే అడవిలో ఏమీ మిగలదు. ఈ తక్కువ ధర సీసాలు ఆ ఒత్తిడిని కొంతైనా తగ్గిస్తున్నాయన్నది నాకు వాటి అతి పెద్ద సుగుణం.

అగరుచేవ

వనమాలి గారి ఆవేదన నాకూ ఉంది. అయితే ఇప్పుడు తోటల్లో పెంచిన చెట్లకు రంధ్రాలు చేసి, శిలీంధ్రాన్ని ఎక్కించి బంక పట్టిస్తున్నారు. ఆ తోటల నూనె అడవి నూనె అంత లోతుగా ఉండకపోయినా అసలు ఊదే, ధర కూడా అడవి నూనె కంటే ఎంతో తక్కువ. ఊద్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవారు పెద్ద సీసా పరిమళం ఒకటి మానేసి, తోట నూనె ఒక చిన్న గొట్టం తెచ్చుకుంటే అర్థమవుతుంది. దాన్ని గాజు పుల్లతో ఒక చుక్క మణికట్టుకు తాకించి, ఏమీ అభిప్రాయపడకుండా ఒక పూట వదిలేయండి. మొదట వచ్చే పులిసిన వాసనకు భయపడి కడుక్కుంటే ఏమీ తెలియదు. ఆ పులుపు విడిపోయాక అడుగు నుంచి చల్లని, కొంచెం కర్పూరం ఛాయ కలిగిన చెక్క పైకి వస్తుంది. ఆ చల్లదనం నాకు ఇంతవరకు ఏ స్ప్రే సీసాలోనూ కనిపించలేదు.

ఇంకొకటి. ఊద్ చెక్కను బొగ్గు మీద వేసినప్పుడు వచ్చే వాసన, నూనె వాసన ఒకటి కావు.

రసాయని

అవును. క్రోమోన్లు సాధారణ ఉష్ణోగ్రతలో దాదాపు వాసన లేకుండా ఉండి, వేడి తగిలినప్పుడు విడిపోయి తియ్యని పొగ వాసననిస్తాయి. బట్టీలో ఆ భాగం నూనెలోకి పెద్దగా రాదు. ‘ఊద్ ఫర్ గ్లోరీ’లో పొగ లేదని గంధవహ గారు మొదట్లో అన్నారు. ధూపం ఆశించి కొనేవారు అందుకే నిరాశపడతారు.

నిదానం

కొత్త సీసా తెచ్చిన వెంటనే వాడకుండా కొన్ని స్ప్రేలు కొట్టి, కొన్ని వారాలు చీకట్లో పెడితే వాసన చిక్కబడుతుందని చాలామంది చెబుతుంటారు. ఇది నిజమేనా? సభ్యుల అనుభవం తెలుసుకోగోరుతున్నాను.

పాతసీసా

నూనెలను ఆల్కహాల్‌లో కలిపాక కొంతకాలం ఊరనివ్వడం తయారీలో భాగం, అది కర్మాగారంలో జరగవలసిన పని. హడావుడిగా నింపి పంపిన సీసాల్లో ఇంట్లో పెట్టాక కూడా కొంత మార్పు రావచ్చు, ముఖ్యంగా మొదట్లో ఆల్కహాల్ గరుకు తగ్గవచ్చు. కానీ నచ్చని పరిమళం బీరువాలో పెట్టినంత మాత్రాన నచ్చే పరిమళంగా మారదు. ఈలోగా మారేది చాలావరకు మన ముక్కే. వెలుతురు, వేడి తగలకుండా ఉంచండి, అంతకు మించిన క్రతువు అక్కర్లేదు.

గంధవహ

ఇంత వివరంగా స్పందించిన అందరికీ కృతజ్ఞతలు. అగరుచేవ గారి అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అసలు నూనె తెలిసినవారికి ఈ పరిమళం అసంపూర్ణంగానే తోస్తుంది. అయినా నా అభిప్రాయం పాతసీసా గారి తూకం వైపే ఉంది. అసలు ఊద్ నూనె ధరించినవాడి కోసం ఉంటుంది, అది తన చర్మం దాటి ఎక్కువ దూరం పోదు, గంట గంటకూ మారుతూ శ్రద్ధను కోరుతుంది. ఈ సీసా అందుకు భిన్నం. ఇది పనికి వెళ్లేవాడితో వెళ్తుంది, నలుగురి మధ్య నిలుస్తుంది, ధరించినవాడిని ఏ పరీక్షా పెట్టదు. దీనిలోని ఊద్ ముద్ర చేసే పని ఒక్కటే: కుంకుమపువ్వు ఘాటుకూ, కస్తూరి మెత్తదనానికీ మధ్య ముదురు రంగు నింపడం. ఆ రంగు లేకపోతే మిగిలేది సాదా మసాలా పరిమళం. తుంగముస్తలతో వచ్చినా ఆ పని జరిగింది కాబట్టి, పేరుకు అది చాలునని నేను భావిస్తున్నాను.

అగరుచేవ

‘ముదురు రంగు’ అన్నంతవరకు ఒప్పుకుంటాను. పేరు విషయంలో నా మాట మీదే ఉన్నాను.

కొత్తసభ్యుడు

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక సందేహం. ఉక్కపోత రోజుల్లో దీన్ని వాడవచ్చా? వాడితే ఎంత?

నీలిమేఘ

వాడవచ్చు, కొలత తగ్గించి. వేడికి అన్నీ వేగంగా ఆవిరై మొదటి ఘట్టం మరీ పదునుగా తయారవుతుంది, గాలిలో తేమ ఉన్నప్పుడు పచ్చౌలి కూడా బరువెక్కుతుంది. మెడ మీద వద్దు. చొక్కా లోపలి వైపు, నడుము దగ్గర ఒక్క స్ప్రే చాలు. బయలుదేరడానికి అరగంట ముందే చల్లుకుంటే మందుల వాసన ఘట్టం ఇంట్లోనే ముగిసిపోతుంది. లిఫ్టులో, మూసిన గదుల్లో ఎక్కువసేపు గడిపే రోజైతే ఆ ఒక్కటి కూడా బట్టల బీరువాలో కొట్టి, చొక్కాను కాసేపు అక్కడ వేలాడదీస్తే సరిపోతుంది.